ఏడు తలల పాము, బేతంచెర్ల బండ

ముందే ఒక సంగతి ఒప్పుకుంటాను. ఈ కథలో అబద్ధమాడిన అమ్మాయి వైపే నేనున్నాను. మీరు వాళ్ళ నాయన వైపు వెళ్ళినా నాకేం కోపం లేదు. చివరికొచ్చేసరికి నేనూ కొంచెం అటే జరిగాను.

అమ్మాయి పేరు మహిమ. ఇంజనీరింగ్ అయ్యాక హైదరాబాదులో ఒక గ్రాఫిక్స్ కంపెనీలో చేరింది. కంప్యూటర్లో కట్టిన కోటలకు, గుహలకు పైన రంగూ మరకా గరుకూ అద్దడం ఆమె పని. గోడను వేరేవాళ్ళు నిలబెడతారు. అది రాతిదో మట్టిదో తేల్చేది మహిమ. ఇంట్లో మాత్రం బ్యాంకు సాఫ్ట్‌వేర్ అని చెప్పింది.

ఎందుకంటే వాళ్ళ నాయన నెహెమ్యా సినిమా మానేసిన మనిషి. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ మేస్త్రీ ఆయన, పైగా చర్చిలో సంఘ పెద్ద. ఒకప్పుడు కొత్త సినిమా పడితే తొలి ఆటకు వెళ్ళి చొక్కా చిరగకుండా ఇంటికొచ్చేవాడు కాదట. పందొమ్మిదేళ్ళ కిందట మారుమనసు పొందానని సంఘం ముందు నిలబడి చెప్పిన రోజున సినిమాకు దండం పెట్టేశాడు. "సినిమా దుడ్లు మన గడప తొక్కగూడదు" అనేది ఇంట్లో చట్టం.

అబద్ధం అక్కడితో ఆగలేదు. ఆదివారం ఆరాధనలో, దేవుడు మేలు చేసినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్తారు. నెహెమ్యా నెలకొకసారైనా లేచి, "మా పాపకు బ్యాంకు లెక్కలు చూసే కొలువు ఇచ్చినాడు ప్రభువు" అంటాడు. జనమంతా "స్తోత్రం" అంటారు. రెండేళ్ళుగా ఆయన నోటితో, ఆయనకు తెలియకుండా, దొంగసాక్ష్యం చెప్పిస్తున్నది తానేనని మహిమకు తెలుసు. ఆ సంగతి ఆయనకు తెలిసిన రోజు ఏమవుతుందో మాత్రం ఆమె ఎప్పుడూ పూర్తిగా ఆలోచించలేదు. సగం దాకా ఆలోచించి నిద్రపోయేది.

ఇంతలో 'ఏడు తలల సింహాసనం' వచ్చింది. వందల కోట్ల సినిమా, మహిమ చెయ్యి పడిన మొదటి పెద్ద సినిమా. పోస్టరు నిండా ఏడు తలల పాము. అది సైతాను గుర్తని సంఘంలో పెద్దలు, ఉత్త కట్టుకథని కుర్రాళ్ళు. రెండు వారాలు గొడవ పడ్డాక పాస్టరు యేసుప్రసాద్ అయ్యగారు తీర్పు చెప్పారు.

"నెహెమ్యా, సినిమాల సంగతి నీకు తెలిసినంత ఈడ ఎవరికీ తెలీదు. నువ్వు పోయి చూసిరా. పిల్లోళ్ళు చూడొచ్చునా లేదా ఆదివారం చెప్పు."

సెలవు మీద ఇంట్లో ఉన్న మహిమ దగ్గరికి నెహెమ్యా నేరుగా వచ్చాడు. "నువ్వూ రా పాపా. ఆ టికెట్టు ఫోన్లో తీసేది నాకు రాదు. యాది మనిషి చేసిందో, యాది కంప్యూటర్ చేసిందో నువ్వైతే చెప్తావు."

చెప్పగలదు మరి. శానా బాగా చెప్పగలదు.

రెండు భయాలతో మహిమ కర్నూలు బస్సెక్కింది. ఒకటి, సినిమా చివర్లో పేర్లు వస్తాయి, అందులో ఆమె పేరుంది. రెండోది ఇంకా పెద్దది. సినిమాలో రాజుగారి కొలువు మండపానికి పాత రాతి నేల కావాలన్నాడు వాళ్ళ టీమ్ లీడ్. ఇంటర్నెట్‌లో దొరికినవన్నీ విదేశాల రాళ్ళే. అప్పుడు మహిమ క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చి, వసారాలో మోకాళ్ళ మీద పాకుతూ నేలంతా ఫోటోలు తీసింది. "చెవి కమ్మ పడిపోయిందా మే?" అని వాళ్ళమ్మ జీవమ్మ కూడా కాసేపు వెతికింది. ఆ నేల నెహెమ్యా తన చేత్తో పరిచినది. గడప దగ్గరి బండ మీద, వాగు రెండు పాయలుగా చీలినట్టు ఎర్రటి గీత ఉంటుంది. గీత ఉందని ఎవరూ కొనకపోతే ఆయనే ఇంటికి తెచ్చుకున్నాడు. ఇంకో అలవాటు కూడా ఉందాయనకు. ఏ ఇంట్లో నేల పరిచినా మొదటి బండ మూలన ఉలితో చిన్న సిలువ చెక్కుతాడు. చిటికెన వేలి గోరంత. ఆ ఇళ్ళవాళ్ళకు కూడా తెలియదు. తన ఇంట్లో ఆ మొదటి బండ గడప దగ్గరిదే.

మార్నింగ్ షో. హాలు నిండిపోయింది. నెహెమ్యా ఆదివారపు తెల్లచొక్కా వేసుకుని, సంఘం నోటుబుక్కు తెచ్చుకుని, పెళ్ళిచూపులకొచ్చినట్టు బిగుసుకు కూర్చున్నాడు. లైట్లు ఆరగానే ఫోను వెలుగులో రాయడం మొదలుపెట్టాడు. 'పాము. మంత్రం. మళ్ళీ మంత్రం. ఆడపిల్లల గుడ్డలు సరిగా లేవు.'

"పెద్దాయనా, లైటు ఆర్పప్పా!" వెనక నుంచి ఎవరో అరిచారు. "పరీక్ష రాస్తాండావా?"

లైటు ఆర్పాడు. చీకట్లో కాసేపు గీకాడు. పాము సముద్రంలోంచి ఏడు తలలూ ఒక్కొక్కటే ఎత్తేసరికి పెన్ను ఆగిపోయింది. మహిమ పక్కకు చూసింది. నాయన నోరు కొంచెం తెరుచుకుని ఉంది. "ఓరి దీని..." అని సగంలో నాలుక కరుచుకున్నాడు. పందొమ్మిదేళ్ళ ఆకలి ఆ మొహంలో కనబడుతుంటే మహిమకు సంతోషపడాలో పారిపోవాలో తెలియలేదు.

ఇంటర్వెల్‌లో పారిపోవడానికే ఒక ప్రయత్నం చేసింది.

"నాయనా, కడుపులో నొప్పిగా ఉండాది. పోదామా?"

"అయ్యో, శానా ఉండాదా?" నెహెమ్యా కంగారుగా నుదురు తాకి, ఒక ముక్క ప్రార్థన చేశాడు. "సగం చూసినానని అయ్యగారికి ఎట్ల చెప్పేది పాపా? నువ్వు ఈడ గాలికి కూర్చో. నేను పోయి మిగిలింది చూసొస్తా."

ఆయనొక్కడే ఆ నేలను చూడటమా! "ల్యా, తగ్గిపోయింది" అంది మహిమ. అంత తొందరగా తగ్గిన కడుపునొప్పిని నెహెమ్యా ప్రార్థన ఖాతాలో వేసి, ఆమెకు ఎగ్ పఫ్ కొనిపెట్టాడు.

రెండో సగం. కొలువు మండపం ఎప్పుడొస్తుందో మహిమకు నిమిషాలతో సహా తెలుసు. యుద్ధం అయింది. సేనాపతిని గొలుసులతో కట్టారు. తలుపులు తెరుచుకున్నాయి. రెండు వైపులా దివిటీలు, దూరంగా సింహాసనం, మధ్యలో నేల. ఆఫీసులో చిన్న తెర మీద ఎన్నోసార్లు చూసిన నేలే. ఇక్కడ అది కర్నూలంత పెద్దగా ఉంది.

'చీకటిగా ఉందిలే' అనుకుంది. 'అందరూ రాజును చూస్తారు. నేలనెవరు చూస్తారు?'

అంతలో భటులు సేనాపతిని బోర్లా పడేశారు. కెమెరా ఆయనతోపాటు కిందికి దిగింది. తెర నిండా బండ. బండ మీద రెండు పాయల ఎర్ర గీత. మూలన, దివిటీ వెలుగు ఏటవాలుగా పడి, మనిషంత ఎత్తున ఒక సిలువ.

ఆ ఫోటోల్లోంచి మహిమ దుమ్ము మరకలు తీసింది, చీపురుపుల్ల తీసింది, చీమను కూడా తీసింది. సిలువ తీయలేదు. పదిహేనేళ్ళుగా తొక్కుతున్నదాన్ని కళ్ళు చూడటం మానేసి ఉంటాయి. దాని వెనక ఇంకో సిలువ. దాని వెనక ఇంకోటి. నాలుగు బండలకొకటి చొప్పున, సింహాసనం దాకా. అవే నాలుగు బండల ఫోటోలను తిప్పి తిప్పి పరిచింది తనే.

పక్క సీటు చప్పుడైంది. నెహెమ్యా లేచి నిలబడ్డాడు.

"పాపా. అది మన బండ."

"కూర్చో నాయనా."

"మన ఇంటి బండ పాపా! గడపకాడిది!"

"ఓ పెద్దాయనా, బండ సంగతి ఇంటికాడ మాట్లాడుకో! పాము కనబడ్ల్యా!" వెనక వరసంతా నవ్వింది. మహిమ ఆయన చెయ్యి పట్టి లాగింది. కూర్చున్నాడు. మిగిలిన సినిమా అంతా ఆయన తెరకేసి చూస్తూనే ఉన్నాడు గాని, ఏమీ చూడలేదని మహిమకు అర్థమైంది. తెలిసిపోయింది అనుకుంది. ఇక అడుగుతాడు. ఏం చెప్పాలి?

ఆఖర్న పేర్లు మొదలయ్యాయో లేదో, పనివాళ్ళు తలుపులు తెరిచి లైట్లేశారు, ఆపరేటర్ ఆటను ఆపేశాడు. మహిమ పేరు రానేలేదు. రెండు భయాల్లో ఒకటి అంత తేలిగ్గా పోయింది. రెండోది ఆమె ముందు గబగబా మెట్లు దిగిపోతోంది.

"నాయనా, బస్టాండు ఇటు!"

"బస్టాండు కాదు. మేనేజరు యాడుండాడు?" నెహెమ్యా మొహం ఎర్రబడింది. "ఎవరో మన ఇంట్లోకి దూరినారు పాపా. మేము ల్యానప్పుడు వచ్చి ఫోటోలు తీసుకోని పోయినారు. మీ అమ్మ ఒక్కతే ఉంటాది ఇంట్లో!"

మహిమ అక్కడే నిలబడిపోయింది. ఇదా ఆయన అనుకున్నది! కూతురి మీద అనుమానం ఆయన దారిదాపులకు కూడా రాలేదు. తప్పించుకోవడానికి ఇంతకంటే విశాలమైన దారి దొరకదు. అవును నాయనా, దొంగలే, అంటే సరిపోతుంది.

మేనేజరు టికెట్ల గది పక్కన టీ తాగుతున్నాడు. విషయం విని నవ్వు ఆపుకున్నాడు. "అంతా గ్రాఫిక్స్ అప్పా. కోట ల్యా, పాము ల్యా, బండా ల్యా."

"సిలువ కూడా గ్రాఫిక్సేనా? ఆ సిలువ చెక్కింది నేను. నా ఉలి గాటు నాకు తెలీదా?"

"పాములరాజు కోటలో సిలువ చెక్కినావా? భలేవాడివే!"

జనం మూగారు. కళ్ళద్దాల మనిషి ఒకడు ఫోను పైకెత్తాడు. "పెద్దాయనా, మళ్ళా ఒకసారి చెప్పప్పా, ఇటు చూసి. రీల్ పెడతా."

నెహెమ్యా నిజంగానే అటు తిరిగాడు. తెల్లచొక్కా సర్దుకున్నాడు. సాక్ష్యం చెప్పడానికి నిలబడే తీరులోనే, చేతులు ముందు కట్టుకుని, గొంతు సవరించుకున్నాడు. "నా పేరు నెహెమ్యా. మాది బేతంచెర్ల. దేవుని ముందర నిజం చెప్తాండా..."

మహిమ ఫోనుకూ ఆయనకూ మధ్యలోకి వెళ్ళి నిలబడింది.

"నేనే తీసినా నాయనా."

"ఏం?"

"ఫోటోలు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు. నాది బ్యాంకు కొలువు కాదు. సినిమాల పని. ఆ నేల నేనే చేసినా."

నెహెమ్యా కట్టుకున్న చేతులు మెల్లగా విడిపోయాయి. మేనేజరు టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఫోను మనిషి కూడా, ఎందుకో, ఫోను జేబులో పెట్టుకున్నాడు.

బస్సులో నెహెమ్యా కిటికీ వైపు కూర్చున్నాడు. రోడ్డు పక్కన బండల దొంతరలు, తెల్లటి రాతిపొడి కనబడసాగాయి.

"రెండేండ్లా?" అన్నాడు అప్పుడు.

"రెండేండ్ల నాలుగు నెలలు."

"ఎన్ని సాక్ష్యాలు చెప్పించినావు పాపా నాతో."

ఆదివారం అయ్యగారు పిలవగానే నెహెమ్యా లేచాడు. కుర్రాళ్ళు మెడలు చాచారు. జీవమ్మ పక్కన చాప మీద కూర్చున్న మహిమ తల వంచుకుంది. పెద్దరికం వదిలేస్తాడా? తనను పేరు పెట్టి నిలబెడతాడా? ఇద్దరి పరువూ ఇప్పుడు ఆయన నోట్లో ఉంది.

"మా పాప బ్యాంకులో పనిచేస్తాండాదని ఈడ నిలబడి శానాసార్లు చెప్పినా. అది అబద్ధం. తెలీక చెప్పినా, అయినా అబద్ధమే. నన్ను క్షమించండి." "మా పాప రాతిపని చేస్తాండాది. నా పనే. సినిమాలో రాజుకు నేల పరిచింది. మొదటి బండ మీద సిలువ కూడా పెట్టింది. మర్చిపోయి పెట్టింది గాని, పెట్టింది. ఇంగ ఆ సినిమా చూడొచ్చునా అని నన్ను అడగొద్దండి. నా ఇంట్లో సంగతే చూడలేకపోయినోన్ని."

పెద్దల వరసలో తన చోటికి వెళ్ళలేదు. నడుచుకుంటూ పోయి చెప్పులు విడిచే చోట, ఆఖరి వరసలో కూర్చున్నాడు. ఎవరూ స్తోత్రం అనలేదు. ముసలి కృపమణి ఉండబట్టలేక అడిగింది:

"నెహెమ్యా, ఆ పాముకు నిజంగా ఏడు తలలుండాయా?"

"ఏడూ ఉండాయక్కా" అన్నాడాయన వెనక నుంచి. "లెక్కపెట్టినా."

ముందుగా నవ్వింది అయ్యగారే.

ఇంటికొచ్చాక నెహెమ్యా వసారాలో ఎర్ర గీత బండ ముందు చాలాసేపు నిలబడ్డాడు. మహిమ గడప లోపలే ఆగింది.

"నాలుగు బండలకొకసారి అదే గీత" అన్నాడు వెనక్కి తిరక్కుండా. "ఒకే బండను అన్నిసార్లు పరుస్తారా యాడన్నా? నా కింద చేసుంటే ఆ పొద్దు కూలి ఇయ్యను."

"టైము ల్యాకపోయె నాయనా."

"చెడగొట్టినోళ్ళంతా చెప్పేది అదే." చెప్పులేసుకుని మెట్టు దిగి ఆగాడు. "రేపు ఫ్యాక్టరీకి రా. నూరు రకాల బండలుండాయి. ఈసారి అడిగి తీసుకో."

అడిగి తీసుకుంది. మూడు వందల పన్నెండు ఫోటోలు. కథ ఇంతే.

మరి మీ సంగతి? మీరు ఏం పని చేస్తున్నారని మీ ఇంట్లోవాళ్ళు అనుకుంటున్నారు? నిజం ఎక్కడ, ఎవరి ముందు బయటపడింది? పేర్లు మార్చయినా సరే, నాకు రాయండి. మీ వైపు నేనుంటాను. మీ నాయన వైపు జరిగితే మాత్రం ఏమీ అనుకోకండి.