పదహారు వారాల సైకిల్

మేడ్చల్‌లో జాకెట్లు కుట్టే వినోదకు షుగర్ బయటపడి ఏడేళ్లయింది. వాళ్లమ్మ జంగమ్మ ఆ రోగంతోనే ముందు కాలి వేళ్లు, తర్వాత మోకాలి దాకా కాలు పోగొట్టుకుని, చివరికి కిడ్నీలు చెడి చనిపోయింది. రోజూ పుండు కడిగి కట్టు మార్చింది వినోదే. అందుకే, షుగర్ ఉన్నవాళ్ల మీద వ్యాయామం ఎలా పనిచేస్తుందో షామీర్‌పేట దగ్గరి ఒక పరిశోధన కేంద్రంలో చూస్తున్నారని తెలియగానే, అన్న నగేష్‌ను బతిమాలి వెంటబెట్టుకుని వెళ్లి ఇద్దరి పేర్లూ రాయించింది. నగేష్‌కూ షుగరే. సిమెంటు దుకాణంలో పొద్దంతా కుర్చీ దిగని మనిషి.

అక్కడ పని చూసే నయన వాళ్లకు ఓపికగా చెప్పింది. పదహారు వారాలు, వారానికి ఐదు రోజులు, ఆయాసం వచ్చేలా ముప్పావు గంట సైకిల్ తొక్కాలి. ఉన్నచోటే తిరిగే సైకిల్. మందులు, తిండి ఎప్పటిలాగే. మొదట ఒకసారి, చివర ఒకసారి రక్తంతో పాటు తొడలోంచి బియ్యపు గింజంత కండ తీస్తారు. కండలో కొన్ని జన్యువులు సరిగా పనిచేస్తే అది రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటుందట. షుగర్ రోగుల్లో ఆ పని మందగిస్తుంది. వ్యాయామంతో అది మళ్లీ పుంజుకుంటుందా లేదా అన్నదే వాళ్లు చూస్తున్నది.

వినోద ఒక్క రోజు కూడా మానలేదు. బతుకమ్మ పండుగకు జాకెట్లు గుట్టలుగా వచ్చి పడ్డా, తెల్లవారకముందే లేచి కొన్ని కుట్టి, తొక్కడానికి వెళ్లి, చెమట ఆరకముందే మళ్లీ మిషన్ ముందు కూర్చునేది. నగేష్ వారానికి రెండు రోజులు ఎగ్గొట్టేవాడు. వచ్చిన రోజు దారిలో బండి ఆపి మిర్చి బజ్జీలు తినేవాడు. మూడో నెలకు వినోదకు మెట్లెక్కితే ఆయాసం రావడం మానేసింది. ఇంట్లో వేలు గుచ్చి చూసుకున్నప్పుడు షుగర్ మాత్రం దిగేది కాదు. షుగర్ చూసే ఆ చిన్న మిషన్ పాడైందనుకుంది.

ఆఖరి రిపోర్టులు వచ్చిన రోజు నయన ఇద్దరినీ కూర్చోబెట్టింది. నగేష్ మూడు నెలల షుగర్ సగటు ఎనిమిది పాయింట్ ఎనిమిది నుంచి ఏడు పాయింట్ ఒకటికి దిగింది. వినోదది తొమ్మిది పాయింట్ ఒకటి ఉండేది, తొమ్మిదికి వచ్చి ఆగింది. రక్తం సీసాలు తారుమారయ్యాయేమోనని వినోద అడిగింది. తనకూ అదే అనుమానం వచ్చి రెండోసారి పరీక్ష చేయించానని నయన చెప్పింది.

"నేనేం తక్వ జేసిన మేడం?"

"మీరేం తక్కువ చెయ్యలేదక్కా. ఇక్కడ అందరికంటే ఎక్కువ చేసింది మీరే."

నగేష్ కండలో ఆ జన్యువులు పుంజుకున్నాయి. వినోద కండలో అవి మొదటి రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. కొందరికి ఇలా అవుతుంది, ఎందుకో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు అంది నయన. గుండెకు మేలే కాబట్టి వ్యాయామం మానొద్దని, డాక్టరు దగ్గరికి వెళ్లి ఇన్సులిన్ సంగతి మాట్లాడమని, కళ్లు కూడా చూపించుకోమని చెప్పింది. ఇది తల్లి నుంచి వచ్చిందా అని వినోద అడిగింది. నగేషన్న కూడా ఆ తల్లి బిడ్డే కదా అని నయన తల దించుకుంది.

తిరిగి వస్తుంటే నగేష్ చెరువు కట్ట దగ్గర బండి ఆపాడు. చెల్లెలి ముఖం చూడలేకపోయాడు.

"నాకొచ్చింది నీకొస్తె బాగుండు చెల్లె," అన్నాడు.

పోనీ అన్నా, బండి తియ్యి అంది వినోద. ఆ క్షణంలో ఆమెకు అన్న మీద అసహ్యం కలిగింది. తోడబుట్టినవాడి ఆరోగ్యం చూసి ఓర్వలేకపోతున్నందుకు ఇంటిదాకా తనను తాను తిట్టుకుంది.

కళ్ల డాక్టరు కంటి వెనక సన్నని రక్తనాళాల్లోంచి రక్తం కారుతోందన్నాడు. రెండు కళ్లకూ లేజర్ చేశారు. ఉన్న చూపు కాపాడడానికే తప్ప పోయింది తిరిగి రాదన్నారు. ఆ మసక చూపుతో హుక్సులు కుట్టడం, అంచు మడవడం చేతకాక, ఒప్పుకున్న జాకెట్లన్నీ సంచిలో వేసుకుని ఇంటింటికీ తిరిగి ఇచ్చేసింది. కొందరు ఆమె ముందే ఇంకో టైలర్‌కు ఫోన్ చేశారు. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ మొదలైంది. సూది మీద అంకెలు ఆమెకు ఆనకపోతే కూతురు బిందు చూసి చెప్పేది.

బిందుకు పంతొమ్మిదేళ్లు. కాలేజీలో పెట్టిన క్యాంపులో చూపించుకుంటే షుగర్ వచ్చే అంచు మీద ఉందన్నారు. ఆ మాట తల్లికి వారం రోజులు చెప్పలేదు. చెప్పిన మర్నాడు పొద్దున్నే బూట్లు వేసుకుని తల్లి మంచం పక్కన నిలబడింది.

"నేను దినాం నడుస్తా అమ్మా. నడిస్తె నాకు రాదు గదా?"

రాదు బిడ్డా అని ఆర్నెల్ల కిందట అయితే వినోద వెంటనే అనేది. కూతురి కండ మేనమామ కండలాంటిదో, తన కండలాంటిదో ఆమెకు తెలియదు. ఎవరినడిగినా చెప్పలేరు.

"నడువు బిడ్డా," అంది.

అమ్మ ఇంకా ఏమైనా అంటుందేమోనని బిందు చూసింది. వినోద గోడవైపు తిరిగి పడుకుంది. పిల్ల తలుపు దగ్గరికి వేసి, ఒక్కతే మెట్లు దిగి వెళ్లింది.