సీసాలో బోరు నీళ్ళు

రెండువేల రెండు మే నెలంతా రేచల్ టీచరు కాలు నేల మీద నిలవలేదు. రాజోలుకి ఆరు మైళ్ళ దూరంలోని సొంత ఊళ్ళో ఆవిడ కొత్త ఇల్లు పూర్తి కావచ్చింది. ఆదివారం చర్చిలో ఆరాధన అవగానే పాస్టరు గారు వచ్చి గృహప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు. చూడవచ్చిన వాళ్ళు గోడల రంగు బాగుందనీ, గచ్చు అద్దంలా ఉందనీ అంటూంటే ఆవిడ సగం సగం విని, చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళేది. అక్కడ చూపించేది ఒక కుళాయిని. మెడ సాచిన కొంగలా సింకు మీదికి వంగి తళతళలాడుతుండేది. నీళ్ళింకా రాలేదు గానీ రేచల్ దాన్ని రోజుకి నాలుగుసార్లు తుడిచేది.

ప్రార్థన అయ్యాక వాళ్ళమ్మ పాపాయమ్మ ఆ కుళాయి తన చేత్తో తిప్పాలి, నీళ్ళు పడాలి. అదీ రేచల్ పంతం. ఆ ఊళ్ళో ఎక్కడ తవ్వినా ఎంతో కొంత ఉప్పు తగులుతుంది. తియ్యటి నీళ్ళున్నది బంగారరాజు గారి నూతిలోనే. పాపాయమ్మ నలభై ఏళ్ళు ఆ నీళ్ళే మోసింది. ఒకప్పుడు ఆవిడని చేద ముట్టుకోనిచ్చేవారు కాదు. రాజుగారి ఇంటి మనిషి ఎవరో ఒకరు తోడి, పైనుంచి బిందెలో పోయాలి. ఇప్పుడా పట్టింపులేవీ లేవు. మీరే తోడుకోండి పాపాయమ్మగారూ అని రాజుగారి కోడలు ఎన్నిసార్లో చెప్పింది. అయినా సరే ఆవిడ నూతికి నాలుగడుగుల దూరంలో బిందె దింపి, ఎవరో ఒకరు వచ్చిందాకా నిలబడే ఉంటుంది. ఎవరూ పొమ్మనకపోయినా అలా నిలబడిన అమ్మని చూస్తే రేచల్‌కి ఒళ్ళు మండిపోయేది. అందుకే ఇంటి పునాది కంటే ముందు బోరు వేయించింది. ఆ నీళ్ళు కాస్త ఉప్పే గానీ తాగడానికి పనికొస్తాయి.

కుళాయి, సింకు, గొట్టాలు, మోటారు అన్నీ అమలాపురంలో కొత్తగా తెరిచిన హార్డ్‌వేర్ షోరూంలో కొంది. మూడంతస్తులు, అద్దాల తలుపులు, లోపల చల్లగాలి. అడుగు పెట్టగానే కుర్చీ వేసి కూల్‌డ్రింకు చేతిలో పెట్టారు. తెలుపా, నీలమా, గుండ్రమా, పలకలా అని వంద అడిగారు. రేచల్ పెళ్ళినాడు కూడా ఆవిడ ఇష్టాయిష్టాలు ఇంతగా కనుక్కున్నవాళ్ళు లేరు. మెలిపెట్టి తిప్పే కుళాయి చూపించబోయిన సేల్స్‌మాన్, తిప్పేది ముసలావిడ అని వినగానే దాన్ని పక్కన పెట్టి, వేలితో పక్కకి తోస్తే చాలు తెరుచుకునేది తెచ్చి చూపించాడు. రేచల్ మురిసిపోయింది. బోరు నీళ్ళు ఎలా ఉంటాయని మాత్రం ఎవరూ అడగలేదు. చెప్పాలని ఆవిడకీ తోచలేదు.

మోటారు బిగించిన రోజున చక్కగా తిరిగింది. పెరట్లో పీపా నింపుకుని కట్టేశారు. తరవాత గచ్చు పనుల్లో మూడు వారాలు దాని జోలికి ఎవరూ పోలేదు. ప్రతిష్ఠ ముందు బుధవారం రేచల్ స్విచ్ వేసింది. మోటారు హుమ్మని మూలిగింది తప్ప తిరగలేదు. మేస్త్రీ విప్పి చూసి, లోపల నీళ్ళు తోసే ఇనప చక్రం తుప్పు పట్టి బిగుసుకుపోయిందనీ, కొట్టి తిప్పితే మళ్ళీ నెలకి ఇంతేననీ చెప్పాడు. 

గురువారం పొద్దున్నే రేచల్ అమలాపురం పరిగెత్తింది. మళ్ళీ కుర్చీ, మళ్ళీ కూల్‌డ్రింకు. మోటారు అమ్మిన మనిషిని రంగుల అంతస్తుకి మార్చారట. కొత్తాయన చాలా మర్యాదగా కంప్లయింటు కంప్యూటర్లోకి ఎక్కించి, నంబరున్న కాగితం ఇచ్చాడు. కంపెనీ మెకానిక్కు పదిరోజుల్లో వస్తాడన్నాడు. ఆదివారానికి కావాలని రేచల్ ఎంత మొత్తుకున్నా, ఆయ్ మేడమ్, ఆయ్ మేడమ్ అంటాడే గాని పదిలో ఒక్కటీ తగ్గించలేకపోయాడు. పాపం అతని చేతిలో మాత్రం ఏముంది? చివరికి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, రాజోలులో వీరవెంకటరమణ గారి మోటారు స్పేర్ల కొట్టుకి వెళ్ళమన్నాడు. వాళ్ళ మావయ్య గారు కూడా అక్కడే కొంటారట.

రేచల్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇంటికెళ్ళే బస్సే రాజోలు మీదుగా పోతుంది. దిగి, అడుగుతూ అడుగుతూ వెళ్తే, కాలవ లాకు దగ్గర రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత కొట్టు కనబడింది. ఉన్న ఒక్క స్టూలు మీదా విప్పిన మోటారు కూర్చుని ఉంది. అరవయ్యేళ్ళ రమణ గారు దాని పొట్టలోకి తొంగి చూస్తున్నారు. వెనక అలమార నిండా సీసాలు, ఒక్కోదాని మీద ఒక్కో ఊరి పేరు. రేచల్ గబగబా కథంతా చెప్పి తుప్పు పట్టని ఇత్తడి చక్రం కావాలంది. ఆయన తలెత్తకుండానే అడిగారు.

“నీళ్ళు తెచ్చేరా అండి?”

“ఏం నీళ్ళండి?”

“మీ బోరు నీళ్ళండి. అవి తాగి చూడందే నేను మరమేకు కూడా ఇవ్వను.”

రేచల్‌కి చర్రున కోపం వచ్చింది. డబ్బు చేతిలో పెట్టుకుని నిలబడిన మనిషిని సీసా తెమ్మని వెనక్కి పంపే వ్యాపారం ఆవిడ ఎక్కడా చూడలేదు. ఇవాళ ఇవ్వండి, రేపు నీళ్ళు తెస్తానంది. ఆయన వినలేదు. ఉప్పుని బట్టి చక్రం, తప్పు చక్రం ఇస్తే ఆర్నెల్లకి తిట్టుకునేది నన్నేగా అన్నారు. హోంవర్కు తేలేదని పదిహేనేళ్ళుగా పిల్లల్ని ఇంటికి పంపిన టీచరు గారు అలా ఉత్త చేతులతో బస్సెక్కింది. సగం దారికొచ్చేసరికి కోపం పోయి, ఆ అలమారలో తన ఊరి సీసా కూడా చేరుతుందని ఉత్సాహం పుట్టుకొచ్చింది. ఆవిడ తీరే అంత.

ఇంట్లో అడుగు పెడుతూనే తల్లికి పురమాయించింది. రాజోలులో ఓ పెద్దాయన మన బోరు నీళ్ళు తాగి చూస్తారు, పొద్దున్నే పీపాలోంచి ఓ సీసా పట్టి ఉంచమంది. పాపాయమ్మ విని, ఆయన నిజంగా తాగుతారా అని రెండుసార్లు అడిగింది. తాగుతారమ్మా, నిజంగానే అంది రేచల్.

శుక్రవారం బల్ల మీద సీసా సిద్ధంగా ఉంది. తళతళ కడిగి, మూత చుట్టూ తెల్లటి గుడ్డ కట్టి మరీ పెట్టింది పాపాయమ్మ. రేచల్ దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రమణ గారు గుడ్డ విప్పి, ఓ గుక్క నోట్లో పోసుకుని, అటూ ఇటూ తిప్పి మింగారు. మొహం చిట్లించారు.

“ఈ నీటికి మీ ఇనప మోటారే పదేళ్ళు తిరుగుద్దండి. మీకివ్వడానికి నా దగ్గరేం లేదు.”

రేచల్ సంచి ముందుకి లాక్కుంది. తుప్పు పట్టిన చక్రం సంచిలోనే ఉంది, తీసి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని చూశారు, సీసాని చూశారు, ఇంకో గుక్క తాగి ఈసారి కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి మీసాల కింద నవ్వుంది.

“ఇది మీ బోరు కాదు టీచరు గారూ. బంగారరాజు గారి నుయ్యండి. ఆ నూతికి కొబ్బరితోట కోసం మోటారు బిగించింది నేనే. వారం రోజులు ఈ నీళ్ళే తాగేను. సీసా ఎవరు పట్టేరండి?”

“మా అమ్మండి.”

“నేను తాగుతానని చెప్పేరా?”

“ఆయ్. చెప్పేనండి.”

“అదండి సంగతి. ఈ పక్క ఆడవాళ్ళంతా ఇంతేనండి. తాగే మనిషికి ఉప్పునీళ్ళు ఎలా పంపుతారు? ఈసారి నుంచి మోటారులో పొయ్యడానికని చెప్పండి.”

రేచల్ ఫక్కున నవ్వింది. నవ్వుతూండగానే కళ్ళు నిండాయి. అమ్మ తెల్లారకుండా లేచి వెళ్ళి ఉంటుంది. ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన కోసం, ఆ నూతికి నాలుగడుగుల దూరంలో సీసా పట్టుకుని, ఎవరైనా వచ్చి తోడి పోసేదాకా నిలబడి ఉంటుంది. ఇంక ఒక్కరోజు కూడా అలా నిలబడకూడదనే కదా తను ఊళ్ళమ్మట తిరుగుతున్నది! ఆ మాటంతా రమణ గారి ముందు, కొట్లో నిలబడే, ఆపుకోలేక చెప్పేసింది. ఆయన చేతులు తుడుచుకుంటూ విన్నారు. ఇంక సీసాలతో పని లేదు, రేపు నేనే వచ్చి మీ బోరు దగ్గరే తాగుతాను అన్నారు.

అన్నట్టే శనివారం పది గంటలకి మోపెడ్ మీద వచ్చారు. సంచిలో మూడు చక్రాలు, రెండు ఇత్తడివి, ఒకటి కంచుది. తిన్నగా పెరట్లోకి వెళ్ళి పీపాలో నీళ్ళు దోసిలితో తీసుకుని తాగారు. గుమ్మంలో నిలబడిన పాపాయమ్మ అయ్యయ్యో అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం తలాడించి, దీనికి ఇత్తడి చాలదు, కంచే అని పనిలోకి దిగారు. రేచల్ ఆయన పక్కన గొంతుక్కూర్చుని, అడగని పానా కూడా అందిస్తూ, ఇంకెంతసేపండి అని పదిసార్లు అడిగింది. పదోసారికి ఆయన జవాబివ్వడం మానేశారు.

స్విచ్ వేశారు. మోటారు గిర్రున తిరిగింది. గొట్టం ఒకసారి వణికి, డాబా మీద ఖాళీ టాంకులో నీళ్ళు పడే చప్పుడు ఇల్లంతా వినబడింది. రేచల్ మెట్లెక్కి చూసొచ్చింది, నమ్మకం చాలక మళ్ళీ ఎక్కి చూసింది. టాంకు సగం నిండేసరికి వీధిలో సగం మంది పెరట్లో ఉన్నారు. కుళాయి జోలికి ఎవరూ వెళ్ళకండి, అది రేపు ప్రార్థనయ్యాకే అని రేచల్ అందరికీ గట్టిగా చెప్పింది.

రమణ గారు చేతులు కడుక్కుని, దాహంగా ఉంది, కాసిని మంచినీళ్ళు ఇప్పించమ్మా అన్నారు. పాపాయమ్మ అలవాటుగా గ్లాసు తీసుకుని మూలనున్న నూతినీళ్ళ బిందె దగ్గరికి వెళ్ళింది. మూత తీసింది. గ్లాసు ముంచబోయి ఆగింది. మూత మళ్ళీ పెట్టేసి, సింకు దగ్గరికి నడిచింది. వంకర్లు తిరిగిన వేళ్ళతో ఆ కొంగమెడ కుళాయిని పక్కకి తోసింది. షోరూం వాళ్ళ చలవ, అంత చిన్న తోపుకే తెరుచుకుంది. కుళాయి ఒకసారి దగ్గి, ధారగా నీళ్ళు పోసింది. ఆవిడ గ్లాసు అంచుదాకా నింపి, తెచ్చి ఆయన చేతికిచ్చింది.

“ఉప్పగా ఉంటాయి బాబుగారూ. మావేనండి.”

రమణ గారు గుక్క తిప్పుకోకుండా చివరి బొట్టుదాకా తాగి, ఖాళీ గ్లాసు చాచి, ఇంకో గ్లాసు ఇప్పించమన్నారు. పాపాయమ్మ మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళింది. ఆదివారానికని దాచుకున్న ముచ్చట ఆ రోజే తీరిపోయింది, రేచల్ పక్కకి తప్పుకుని అమ్మకి దారిచ్చింది.