తోక తెగిన పిల్లి

షెడ్డులో అందరూ ఆమెను దుమ్మక్క అనే పిలుస్తారు. పాత మోటారు సైకిళ్ళ ప్లాస్టిక్ భాగాలను ఉప్పు కాగితంతో రుద్ది, వెలిసిపోయిన రంగును మళ్ళీ బయటికి తేవడం ఆమె పని. ఏ రోజు ఏ బండి చేస్తే ఆ రోజు ఆ రంగు దుమ్ము ఆమె కనుబొమ్మల మీద ఉంటుంది. నీలం బండి వస్తే నీలం మనిషి, పచ్చ బండి వస్తే పచ్చ మనిషి. ముక్కుకు గుడ్డ, కళ్ళకు అద్దాలు, తలకు తువ్వాలు. కన్నతల్లి ఎదురొచ్చినా పోల్చుకోలేదు.

అందుకే మరిది కూడా పోల్చుకోలేదు.

బండిని నెట్టుకుంటూ లోపలికి వచ్చి, సరాసరి ఆమె కళ్ళలోకి చూస్తూ, "ఏమ్మా, చేసేది నువ్వేనా? చెయ్యి జాగ్రత్త. ఇది మామూలు బండి కాదు, నా ప్రాణం" అన్నాడు.

ఆమె తలాడించింది. నోరు తెరిస్తే గొంతు గుర్తుపడతాడు.

"ఆదివారం మైదానంలో పాత బండ్ల పోటీ ఉంది," అని షెడ్డు యజమానితో చెప్పాడు. "కుర్రతనంలో ఒక్కో నట్టూ నా చేత్తో బిగించి తయారుచేసుకున్నాను. మా అన్నయ్య కొన్నాళ్ళు వాడుకున్నాడనుకోండి. పాపం, ఆయనకి స్పానర్ ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలీదు."

యజమాని నవ్వాడు. తడి ఉప్పు కాగితం ఆమె పిడికిట్లో నలిగి ముద్దయింది.

ఆ బండి ఆమె భర్తది. తుక్కు కింద కొనుక్కొచ్చి, వంటింటి గుమ్మం ముందు కూర్చుని, ఒక్కో ముక్కా అతికించి లేపాడు. అది మొదటిసారి కూత పెట్టిన రోజు ఆమె నల్ల స్టిక్కరు కాగితం మీద పిల్లి బొమ్మ గీసి, కూరలు కోసే కత్తెరతో కత్తిరిస్తోంది. ఆయన ఏదో అని నవ్వించాడు. కత్తెర జారింది, తోక సగానికి తెగింది. "పర్లేదులే, వెనకొచ్చేవాడు తొక్కుతాడన్న భయం లేదు" అని ఆ మొండితోక పిల్లినే సైడు ప్యానెల్ మీద అతికించుకున్నాడు. అప్పటి నుంచి తోటి బండ్లవాళ్ళందరికీ ఆయన 'పిల్లి' అయిపోయాడు.

ఆయన పోయినప్పుడు ఇంట్లో ఏడుపులు ఆగకముందే మరిది గోడ మేకుకున్న తాళంచెవి తీసుకుని, బండి నడుపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె అడగడానికి వెళ్తే, "అది మొదట్నుంచీ నాదే వదినా. అన్నయ్య అడిగితే కాదనలేక ఇచ్చాను. అయినా ఆడదానివి, నీకు బండెందుకు?" అన్నాడు. చుట్టాలంతా ఆ మాటకు నవ్వారు. అన్ని నోళ్ళలో ఒక్కటి కూడా 'అది పిల్లి బండి కదయ్యా' అనలేదు. ఆ నవ్వు ఆమె చెవుల్లో ఇప్పటికీ ఉంది. దాన్ని వినపడకుండా చేసుకోవడానికే ఊరి ఇంకో కొసన ఈ షెడ్డులో గరగరమని రుద్దే పనిలో చేరింది.

ఇప్పుడు బండి ఆమె ముందుంది. డాబా మీద ఏళ్ళ తరబడి ఎండకు వదిలేశాడేమో, ఎర్రటి ప్లాస్టిక్ పాలిపోయి సున్నం కొట్టినట్టుంది. వేలితో రాస్తే పొడి అంటుకుంటోంది. సైడు ప్యానెల్ మీద పిల్లి లేదు. ఆ చోట పెద్ద మంటల స్టిక్కరు ఉంది.

మొదట ఆమె చేతికి వేడిగాలి గన్ను దొరికింది. కాస్త ఎక్కువసేపు ఒకేచోట పెడితే చాలు, ప్యానెల్ ఎండుటాకులా ముడుచుకుపోతుంది. అలాంటి ప్యానెల్ ఇప్పుడెక్కడా దొరకదు. గన్ను వెచ్చగా బుసకొడుతోంది. కానీ ఆలోచిస్తే అందులో వాడికే లాభం కనబడింది. అయ్యో, అంత మంచి బండిని పాడుచేశారని ఊరంతా వాడి మీదే జాలిపడుతుంది. వాడి మీద జాలిపడే మనిషి ఈ భూమ్మీద ఉండకూడదు.

గన్నును దూరంగా జరిపి, మంటల స్టిక్కరును మాత్రం వెచ్చబెట్టి ఒక మూల నుంచి నెమ్మదిగా లాగింది. అది ఊడొచ్చింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

స్టిక్కరు కింద పిల్లి ఉంది.

కాగితం పిల్లి కాదు, దాన్ని ఏనాడో పీకేశాడు. ప్లాస్టిక్‌లోనే ఉంది. భర్త తిరిగిన ఏళ్ళన్నీ ఆ కాగితం చుట్టూ ఉన్న రంగు ఎండకు వెలిసింది, కాగితం కింది రంగు వెలవలేదు. ఆ తర్వాత వాడు పిల్లిని పీకి, సాక్ష్యం కనపడకూడదని మంటలు అతికించాడు. ఆ మంటలే గొడుగు పట్టి దాన్ని కాపాడాయి. లేత ఎరుపు మధ్య ముదురు ఎరుపు పిల్లి, చెవులతో, మొండితోకతో సహా.

"అక్కా, ఏమైంది? అలా నిలబడిపోయావు?" అన్నాడు యజమాని.

"ఏం లేదు. పాత చుట్టం కనబడ్డాడు."

ఆ బండికి ఆమె చేసినంత పని ఏ బండికీ చేయలేదు. గరుకు కాగితంతో మొదలుపెట్టి, నీళ్ళు పోస్తూ, సన్న కాగితం దాకా వచ్చింది. పాలిపోయిన పొర లేచిపోయి లోపలి ఎరుపు బయటపడింది. ఒక్క పిల్లి చుట్టూ మాత్రం చెయ్యి తేల్చింది. గట్టిగా రుద్దితే అంతా ఒకే రంగై పిల్లి మాయమైపోతుంది. రుద్దకుండా వదిలేస్తే వాడికి ఇక్కడే కనబడుతుంది. కొంచెం రుద్దేది, ప్యానెల్‌ను ట్యూబులైటు కింద పెట్టి చూసేది. మళ్ళీ పెరట్లోకి తీసుకెళ్ళి ఎండలో చూసేది. చివరికి ట్యూబులైటు కింద ఎరుపంతా ఒకే ఎరుపుగా కలిసిపోయింది. ఎండ తగిలితే మాత్రం పిల్లి లేచి నిలబడింది. అప్పుడు పైన అద్దంలాంటి లాకర్ పూత కొట్టింది. ఇక గుడ్డతో తుడిచినా, సబ్బుతో కడిగినా పోదు.

శనివారం పొద్దుగూకాక మరిది వచ్చాడు. ట్యూబులైటు కింద బండి చుట్టూ తిరిగి, ఈలవేశాడు. "మంటల స్టిక్కరు తీసేశావేంటమ్మా? సరేలే, ఇలాగే బాగుంది. ఈ రాత్రికే మైదానంలో అప్పజెప్పాలి. నీ చెయ్యి బంగారం!"

గుడ్డ వెనక ఆమె పెదాలు విచ్చుకున్నాయి.

ఆదివారం ఆమె మొహం శుభ్రంగా కడుక్కుని, మైదానానికి వెళ్ళింది. బండ్లన్నీ పెద్ద గుడ్డ పందిరి కింద, చల్లటి నీడలో నిలబెట్టారు. పిల్లి ఎక్కడా లేదు. మరిది మైకు పట్టుకుని, "ఒక్కో నట్టూ నా చేత్తో..." అని చెప్పుకుపోతున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. పందిరి గుంజలు పీకేద్దామా అన్నంత కోపం వచ్చిందామెకు.

అప్పుడు ఫోటోలవాడు వచ్చాడు. మరిది జుట్టు సర్దుకుని, "ఇక్కడ చీకటిగా ఉంది బాబూ, నా మొహం సరిగ్గా పడదు. ఎండలోకి తెస్తానుండు" అన్నాడు. తన చేత్తోనే స్టాండు తీసి, బండిని ఎండలోకి నెట్టాడు.

ముందు వరసలో కూర్చున్న పంక్చర్ల తాత చటుక్కున లేచాడు. ఆమె భర్తకు పాత స్నేహితుడాయన. "ఒరేయ్, ఇది మన పిల్లిగాడి బండిరా! అదిగో తోక తెగిన పిల్లి! దీని టైర్లకి నేనెన్ని అతుకులేశానో నాకు తెలీదా?"

"అవున్రోయ్, మొండితోక!" అని ఇంకెవరో అరిచారు. జనం ఎగబడ్డారు. మరిది కిందికి చూశాడు. జేబురుమాలు తీసి పిల్లి మీద రుద్దాడు. రుద్దినకొద్దీ అది ఇంకా మెరిసింది.

"దాన్ని రుద్దితే పోదు మరిదీ," అంది ఆమె వెనక నుంచి. "నేనే చేశానుగా. నీ ప్రాణమని చెప్పి నా చేతికే ఇచ్చావు."

వాడి మొహం సున్నం కొట్టినట్టయింది. "వదినా, నువ్వా... పరువు పోతోంది, చెరిపెయ్ దాన్ని. నీకు పుణ్యముంటుంది."

"చెరుపుతాలే. ఆ బండి ఎవరిదో ముందు చెప్పు."

వాడేదో గొణిగాడు.

"మైకులో చెప్పరా నాయనా," అన్నాడు పంక్చర్ల తాత. "నాకు కాస్త చెవుడు."

జనం నవ్వారు. ఒకప్పటి నవ్వే అది, ఇప్పుడు వాడివైపు తిరిగింది. మరిది మైకు దగ్గరికి వంగి, నేలచూపులు చూస్తూ, "అన్నయ్యదే" అన్నాడు.

"అన్నయ్యదైతే తాళంచెవి నీ దగ్గరెందుకుంది?"

ఆమె చెయ్యి చాపింది. వాడు జేబులోంచి తీసిన తాళంచెవి ఆమె అరచేతిలో పడింది.

"మరి పిల్లిని చెరుపుతానన్నావు," అన్నాడు వాడు ఏడుపు గొంతుతో.

"చెరుపుతానన్నాను. ఎప్పుడో చెప్పలేదుగా. ఇక నా బండి, నా ఇష్టం."

"నెట్టిపెట్టనా అమ్మా?" అని తాత ముందుకొచ్చాడు. వద్దని, ఆమె తానే హ్యాండిల్ పట్టుకుంది. వీధిలోకి వచ్చాక, ఒకవైపు మేడల నీడ చల్లగా పరుచుకుని ఉంది. ఆమె అటు వెళ్ళలేదు. బండిని రెండోవైపుకి తిప్పి, అరుగుల మీద కూర్చున్న ప్రతివాడికీ కనబడేలా, ఎండలోనే, తాపీగా నడిపించుకుంటూ పోయింది.