నాన్న ఊపిరి, తమ్ముడి పదవి

మా నాన్న, ఎర్ల్ ఆఫ్ థార్న్‌మియర్, ఒకప్పుడు పెద్ద పెద్ద రాజధానుల్లో రాయబారి. ఆయన తండ్రి విదేశాంగ మంత్రి. మా ఇంట్లో అబద్ధం పాపం కాదు, చదువు. ఆడపిల్లనని నాకా చదువు చెప్పించలేదు. చూసి నేర్చుకున్నాను.

ఆ శరత్కాలంలో ప్రధాని పదవి ఖాళీ కాబోతోంది. తమ్ముడు హ్యూబర్ట్ పేరే ముందుంది. అడ్డల్లా ఒకటే. నాన్న కన్నుమూస్తే ఆయన బిరుదు హ్యూబర్ట్ నెత్తిన పడుతుంది, వద్దన్నా వదలదు. ఎర్ల్ అయినవాడు జనం ఎన్నుకునే కామన్స్ సభ వదిలి ప్రభువుల సభకు పోవాల్సిందే. అక్కడున్నవాణ్ణి ప్రధానిగా పార్టీ ఒప్పుకోదు. దాంతో లండన్‌లో పెద్దమనుషులందరికీ ఉన్నట్టుండి మా నాన్న మీద బెంగ పట్టుకుంది.

పార్టీ పెద్ద సర్ మాల్కమ్ టివర్టన్ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వస్తానన్నాడు. ముసలాయన ఎలా ఉన్నాడో కళ్లారా చూసుకోవడానికి. హ్యూబర్ట్ ముందురోజే దిగాడు.

"నాన్నగారు కిందికి రాగలరా, అక్కా?"

"పట్టుకుంటే వస్తారు. గుండె పనైపోయింది, క్రిస్మస్ చూడరన్నాడు డాక్టర్. నీకు చెబుదామంటే ఫోన్ ఎత్తవు కదా."

"ఒక్క పూట చాలు. ముఖంలో కాస్త కళ వచ్చేట్టు చూడు."

"గుర్రాన్ని సంతకు తోలుతున్నావా?"

వాడు నాన్న గదిలోకి వెళ్లి సాయంత్రం దాకా కూర్చున్నాడు. పెద్దయ్యాక వాడు అంతసేపు ఆయన దగ్గర కూర్చోవడం అదే మొదలు. నాన్న ముఖం వెలిగిపోయింది. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు నాన్న బల్ల దగ్గర బ్రహ్మాండంగా నటించారు. మటన్ మారు వడ్డించుకున్నారు. జార్ చక్రవర్తి దర్బారు కబుర్లు చెప్పి నవ్వించారు. హ్యూబర్ట్ ఊపిరి పీల్చుకున్నాడు.

మా వాళ్లలో మనిషి ముఖం మీద ఆరోగ్యం అడగడం మోటు. తోట గురించి అడుగుతారు.

"వచ్చే వసంతానికి తోటలో ఏం వేయిస్తున్నారు, లార్డ్‌గారూ?" అన్నాడు సర్ మాల్కమ్, ఉప్పు అందుకుంటూ.

గులాబీలని చెప్పాలి. హ్యూబర్ట్ ముందే చెప్పి పెట్టాడు. నాన్న ఫోర్కు కింద పెట్టారు.

"తోట సంగతి హ్యూబర్ట్‌ని అడగండి. నేను క్రిస్మస్ దాటను."

ఆ బల్ల మీద అంత సూటి మాట అంతకుముందు ఎవరూ అనలేదు. సర్ మాల్కమ్ పుడ్డింగు బాగుందని మెచ్చుకుని, కాఫీకి ఆగకుండా కారెక్కాడు.

"ఎందుకు చేశారీ పని?" మెట్ల దగ్గర హ్యూబర్ట్ నాన్నకు అడ్డంగా నిలబడ్డాడు.

"నువ్వు ప్రధానివై ఉండగా నేను పోతే, నా చావు నీకు పదవి ఊడిన కబురవుతుంది. నన్ను తిట్టుకుంటూ పాతిపెడతావు. ఇప్పుడైతే తీరిగ్గా ఏడవొచ్చు, నాయనా."

యాభై దాటిన మనిషి, మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. నాన్న వాడి తల మీద చెయ్యి వేశారు.

నేను నాన్న శాలువా పట్టుకుని వెనకే నిలబడి ఉన్నాను. ఇన్నేళ్లూ ఆయనకు మందులు పట్టింది, రాత్రుళ్లు దగ్గు విన్నదీ నేను. నాకూ ఏడుపు వస్తుందని ఆయనకు తట్టనేలేదు.

"అగస్టా, వీడికి కాఫీ తెప్పించమ్మా," అన్నారు.

తెప్పించాను.