చివరిదాకా చూసినవాళ్లు

కుట్టుమిషన్లు బాగుచేసే మామయ్యకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈమధ్య కళ్లద్దాలు బరువై దానికి చోటు తగ్గింది గానీ, అది మాత్రం దిగిపోలేదు. చూపు ఆనడం లేదు. సూది బెజ్జం కూడా వేలితో తడిమి వెతుక్కోవలసి వస్తోంది. కొట్టు మూసేలోగా తన పనిముట్ల పెట్టెని పని నేర్చుకునే మనిషి చేతిలో పెట్టాలన్నది ఆయనకి మిగిలిన ఒకే ఒక్క కోరిక. తన చేతికి కుదిరేలా తనే అరగదీసి చేసుకున్న స్క్రూడ్రైవర్లున్నాయి అందులో. అవి పాత ఇనుము కింద తూకానికి పోతాయేమోనని తలుచుకుంటే ఆయనకి ముద్ద దిగదు.

వీధిలో ఎవరూ దొరక్కపోయేసరికి అక్క కూతురు ఉపాయం చెప్పింది. వీడియోలు తీసి నెట్లో పెడదాం మామయ్యా, లోకం పెద్దది కదా అంది. ఆ అమ్మాయి ఒక చెప్పుల కంపెనీకి ప్రకటనలు రాస్తుంది. జనానికి ఏది నచ్చుతుందో తనకి తెలిసినంతగా జనానికే తెలియదని ఆమె గట్టి నమ్మకం.

మొదటి వీడియో దారం ఎందుకు తెగుతుందన్నదాని మీద. మామయ్య ఒక స్క్రూ గురించి ఎత్తుకుంటే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పి, పక్క స్క్రూ చిన్నబుచ్చుకుంటుందేమోనన్నట్టు దాని సంగతి కూడా చెప్పి, అప్పుడు గానీ ముందుకి కదలడు. అంతా అయ్యాక గొంతు సవరించుకుని, ఈ పని నేర్చుకునే ఓపిక ఉన్నవాళ్లు వస్తే నా పెట్టె ఇచ్చేస్తానని చెప్పి, కొట్టు చిరునామా కూడా చదివాడు.

వీడియో వేలమంది చూశారు. విడ్డూరమేమిటంటే, మధ్యలో వదిలేసి పోయినవాళ్లు లేరు, అందరూ చివరిదాకా ఉన్నారు. మా ప్రకటనల్ని మా యజమాని కూడా చివరిదాకా చూడడు మామయ్యా అని మేనకోడలు ఉబ్బితబ్బిబ్బైపోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. కొట్టు గుమ్మం మాత్రం ఎవరూ తొక్కలేదు.

మామయ్య మొహం వేలాడేశాడు. ఎవరూ చూడకపోయినా ఆయనకి ఇంత బాధ ఉండేది కాదు. ఇంతమంది ఆఖరి మాట దాకా విన్నారు, విని కూడా అక్కర్లేదనుకున్నారు. పెట్టె మూత తెరిచి, స్క్రూడ్రైవర్లని గుడ్డతో తుడిచి, మళ్లీ మూసేసేవాడు.

అసలు వీళ్లు ఏం రాస్తున్నారో చదవవే అని ఒకరోజు మేనకోడల్ని అడిగాడు. ఆమె చదివింది. ఒకామె, పురుడు పోసుకున్నాక ఇన్నాళ్లకి కంటినిండా నిద్రపోయానని దండం పెట్టింది. ఒకాయన నిద్రమాత్రలు మానేశాడట. ఇంకొకాయన మాత్రం బాబిన్ దాకా ఎప్పుడూ రాలేకపోయానని, అసలు బాబిన్ అంటే ఏమిటో ఎవరైనా చెబితే బాగుండునని రాశాడు. వాళ్లు గుర్రుపెడుతుంటే ఫోన్లు వాటిపాటికవి చివరిదాకా ఆడుతున్నాయన్నమాట.

మామయ్యకి ఒళ్లు మండిపోయింది. లోకంలోని కుంభకర్ణులంతా తన నెత్తినే పడ్డారా అని చిందులు తొక్కాడు. మేనకోడలు మాత్రం చలించలేదు. ఎంతమందిని నిద్రపుచ్చితే అంతమంది వస్తారు, అంతమందిలో ఒక్కరికైనా నిద్ర పట్టకుండా ఉంటుందా అంది. మామయ్యకి ఆ లెక్క అర్థం కాలేదు, కాదనడానికి వేరే లెక్కా దొరకలేదు.

అప్పటినుంచి ఏ వీడియో తీయాలన్నా ముందు అత్తయ్య వాలుకుర్చీ దగ్గర పరీక్ష జరిగేది. మామయ్య విషయం చెబుతాడు, మేనకోడలు అత్తయ్య కనురెప్పలు చూస్తుంది. నూనె ఎక్కడెక్కడ వేయాలి అన్నదానికి అత్తయ్య ఒక ఆవలింతతో సరిపెట్టింది. బెల్టు బిగువు అనగానే ఆవిడ చేతిలోని దువ్వెన జారి కింద పడింది. అది ఖాయమైపోయింది. సూది తన బొటనవేల్లోంచి దూసుకుపోయిన వైనం చెబుతానని మామయ్య అంటే, ఆవిడ లేచి కూర్చుని తర్వాతేమైందని అడిగింది. మేనకోడలు ఆ విషయం కొట్టేసింది.

మామయ్య మొండికేసి ఆ సూది కథ తీయించాడు. జనం తిట్టిపోశారు. గుండెదడ వచ్చిందని ఒకరు, పెద్దవాళ్లై ఉండి ఇలా ఆసక్తిగా మాట్లాడతారా అని ఒకరు. పోనీ పెట్టె మాట ముందే చెప్పేస్తానంటే, ఒకసారి అదీ చేసి చూశారు. పాపం ఆ పెట్టె ఎవరికైనా చేరిందో లేదోనన్న బెంగతో కన్ను మూతపడలేదని అందరూ గోలపెట్టారు. అంత బెంగపడినవాళ్లలో ఒక్కరూ రాలేదు. మామా మేనకోడలూ మళ్లీ బెల్టు బిగువుకే వచ్చారు, దాని మీద రెండో భాగం కూడా తీశారు. దాని చివర పెట్టె మాట చెబుతుంటే మామయ్య గొంతు పూడుకుపోయింది.

మర్నాడు పొద్దున్నే కొట్టు తలుపు తీస్తుంటే కాపలాదారు యూనిఫాంలో ఒకామె నిలబడి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మిషన్ ఏదీ తేలేదు.

"ఆ పెట్టె ఇంకా ఉందాండీ?" అని అడిగింది.

తాళంచెవి చేతిలో పట్టుకునే మామయ్య ఆమె వైపు తిరిగాడు. "చివరిదాకా విన్నావా?" అన్నాడు.

"అన్నీ విన్నానండీ. గోదాములో రాత్రి కాపలా నాది, కునుకు తీస్తే ఉద్యోగం పోతుంది. మీరు మొదలుపెట్టగానే లేచి నిలబడేదాన్ని, కూర్చుంటే ప్రమాదమని. ఇంతమంది చూస్తున్నారు కదా, ఎప్పుడో ఎవరో పట్టుకెళ్లిపోయి ఉంటారనుకున్నాను. నిన్న మీ గొంతు వింటే, ఎవరూ రాలేదేమో అనిపించింది."

దారం పైన తెగితే ఏం చూడాలని మామయ్య అడిగాడు. ఆమె స్క్రూ సంగతి చెప్పి, పక్క స్క్రూ సంగతి కూడా చెప్పింది. మామయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంత సంతోషం ఆయన ఈమధ్య ఎరుగడు. వెంటనే ఆమెని మిషన్ ముందు కూర్చోబెట్టి బెల్టు నుంచి మొదలుపెట్టాడు. చక్రం సంగతికి వచ్చేసరికి, ఆమె చెంప మిషన్ బల్ల మీద ఆనింది. ఇక్కడ కాపలా లేదు కదా, హాయిగా నిద్రపోయింది.

మామయ్య అక్కడే స్టూలు మీద కూలబడ్డాడు. లోకం మొత్తానికి ఒక్క మనిషి దొరికితే, ఆ మనిషిని కూడా తనే నిద్రపుచ్చాడు. అప్పుడే వచ్చిన మేనకోడలు ఫోను తీసి కెమెరా పెట్టబోయింది గానీ, ఆయన మొహం చూసి మళ్లీ సంచిలో వేసుకుంది.

కొట్టు వెనకే ఉన్న ఇంట్లోంచి అత్తయ్య తొంగిచూసింది. "మీరు నోరు తెరిస్తే ఇన్నేళ్లుగా నేనే ఆగలేకపోతున్నా, పాపం ఆ పిల్ల ఎలా ఆగుతుంది? చేతికి నేర్పండి" అంది.

మామయ్య తలుపు ఒక రెక్క దగ్గరగా వేశాడు, ఎండ ఆమె కళ్ల మీద పడకుండా. ఆమె నిద్ర తీరేదాకా స్టూలు మీదే కదలకుండా కూర్చున్నాడు. ఆమె ఉలిక్కిపడి లేచి క్షమించమనబోతే, చేయి పట్టుకుని బెల్టు మీద పెట్టి, చక్రం మెల్లగా తిప్పాడు. ఒకచోట బెల్టు కాస్త వదులైంది. ఆమె వేళ్లు ఆగాయి.

"ఇక్కడండీ" అంది. కళ్లు రెండూ బాగా తెరిచి ఉన్నాయి.

బెల్టు వదులు గురించి చెప్పవలసినది ఆయన దగ్గర ఇంకా బోలెడుంది. పళ్లు బిగబట్టి, ఒక్క ముక్క మాట్లాడకుండా, పెట్టె ఆమె వైపుకి జరిపాడు.