మామగారి నల్లగుళికలు

మామగారి దృష్టిలో అల్లుడు మనిషి లెక్కలోకి రాడు. కూతురు ఏరికోరి చేసుకుంది కాబట్టి గడప తొక్కనిచ్చారు. అతని ఉద్యోగం ఊడిందని అది ఏడ్చింది కాబట్టి తన షెడ్డులో పని ఇచ్చారు. "ఇంట్లో కూర్చుని తినేవాడు ఇక్కడ నిలబడి తింటాడు, అంతే తేడా" అని అతను వింటుండగానే అనేవారు. అల్లుడు నవ్వేసి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే ఆయనకు ఒళ్లు మండేది.

షెడ్డులో పని హోటళ్లవాళ్లు పారబోసే నూనెను బస్సులు నడిపే ఇంధనంగా మార్చడం. దానికి ప్రాణం బయోచార్. వేరుశనగ పొట్టును గాలి తగలకుండా కాల్చి, ఆసిడ్‌లో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి మామగారు స్వయంగా చేసిన నల్లటి గుళికలవి. అవి లేకపోతే ఎంతసేపు ఉడికించినా నూనె నూనెలాగే ఉంటుంది. నాలుగు డబ్బాలు నింపేసరికి ఆయన నడుం విరిగినంత పనైంది.

ఆ రోజు బస్సుల కంపెనీ మేనేజరమ్మ వస్తోంది. ఆమె కళ్లముందు ఇంధనం తయారైతే ఒప్పందం, కాకపోతే షెడ్డుకు తాళం. మామగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గేటు దగ్గరికి వెళ్తూ, "బాయిలర్ చల్లారిందో, నీ సంగతి చెప్తా" అన్నారు అల్లుడితో.

ఆమెను వెంటబెట్టుకుని వచ్చేసరికి బాయిలర్ భగభగ మండుతోంది. డబ్బాలు నాలుగూ ఖాళీ.

"కట్టెలు అయిపోయాయి మామయ్యా. బొగ్గు ఉంది కదా అని..." అల్లుడు మసి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఇక చూడాలి ఆయన్ని! దున్నపోతన్నారు, దరిద్రుడన్నారు, తన కూతురి ఖర్మ అన్నారు.

"అవేంటో అతనికి తెలీదా?" అడిగింది మేనేజరమ్మ.

మామగారి చూపు ఖాళీ డబ్బాల మీదికి పోయింది. ఇవేంటని అల్లుడు ఇదివరకే రెండుసార్లు అడిగాడు. మొదటిసారి "నీకెందుకు?" అన్నారు. రెండోసారి "బొగ్గు. చెప్తే మాత్రం నీ బుర్రకెక్కుతుందా?" అన్నారు.

అల్లుడు మామగారి పాలిపోయిన మొహం చూశాడు.

"చెప్పారు మేడమ్, చాలాసార్లు చెప్పారు. నేనే చెవిన పెట్టలేదు. ఆయన పనికి వంక లేదు. రెండు నెలలు టైమివ్వండి, మళ్లీ చేస్తారు. నేను ఇక్కడ ఉండను."

ఆమె సరేనంది. వెళ్లబోతూ మామగారి వైపు తిరిగింది.

"ఇలాంటివాణ్ని ఎందుకు పెట్టుకున్నారండీ?"

ఆ పెద్దమనిషి గొంతు సవరించుకున్నారు.

"ఏం చేస్తామండీ, కూతురి మొహం చూసి" అన్నారు.