యారాలి కీబోర్డు

గోడ అవతల నుంచి ఆ చప్పుడు మొదటిసారి విన్నప్పుడు ఎవరో పాత టైపు మిషన్ బయటికి తీశారనుకున్నాను. టకటకటక, ఆగి మళ్ళీ టకటకటక. చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి, పక్క షాపులోకి తొంగి చూశాను. నా యారాలు రోజారాణి కొత్త కీబోర్డు ముందు నిటారుగా కూర్చుని ఉంది.

"మెకానికల్ కీబోర్డు అక్కా. మీ మరిది మస్కట్ నుంచి వచ్చుకుంట తెచ్చిండు. ఒక్కొక్క మీట కింద ఒక్కొక్క స్ప్రింగ్ ఉంటదట. జర కొట్టి చూడు."

"ఏం చప్పుడే తల్లీ, చెవులు పోతయ్ గద," అని తిరిగి వచ్చేశాను. కొట్టి చూస్తే నచ్చుతుందని నాకు తెలుసు.

రోజారాణి మా ఆయన గోపాల్ తమ్ముడి భార్య. పెళ్ళై మా ఇంటికి వచ్చిన రోజుల్లో ఆమెకు కీబోర్డు మీద 'అ' ఎక్కడుందో తెలియదు. కరీంనగర్ కలెక్టరేట్ ఎదురుగా ఉన్న నా ఆన్‌లైన్ సెంటర్‌లో, నా పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని నేర్పాను. దరఖాస్తు పైన ఎంత ఖాళీ వదలాలో, చదువురాని వాళ్ళకు రాసింది ఎలా చదివి వినిపించాలో అన్నీ నేనే చెప్పాను. నేర్చుకుంది. పక్క షట్టర్ ఖాళీ కాగానే అద్దెకు తీసుకుంది. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఇదే అని మా అవ్వతో ఫోన్‌లో ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు.

అయినా అప్పటిదాకా నాకు పెద్ద దిగులు లేదు. సోమవారం సోమవారం కలెక్టర్‌కు గోడు చెప్పుకునే ప్రజావాణికి ఊళ్ళ నుంచి వచ్చే జనంలో పాతవాళ్ళంతా నా దగ్గరికే వచ్చేవారు. దానికి కారణం ఉంది. ఎవరైనా పాస్‌వర్డ్ కొట్టాల్సి వస్తే నేను నోటితో చెప్పమనను. కీబోర్డు వాళ్ళ ముందుకు జరిపి, "మీరే కొట్టుండ్రి, నేను గోడ దిక్కు చూస్త," అని క్యాలెండర్ వైపు ముఖం తిప్పుకుంటాను. బజార్లో నా పేరు నిలిచింది ఆ ఒక్క అలవాటు మీదే.

కానీ ఆ టకటక వచ్చాక రామచంద్రం సార్ అటు జరిగాడు. ఆయన రిటైరైన పంతులు. ఊళ్ళ వాళ్ళ గోడు విని, దాన్ని దరఖాస్తు భాషలోకి మార్చి, పక్కన కూర్చుని చెబుతుంటాడు, మేం కొడుతుంటాం. ఏళ్ళ తరబడి నా బల్ల దగ్గరే కూర్చున్న మనిషి. ఏం సార్ ఇటు వస్తలేరు అని అడిగితే దాచుకోకుండా చెప్పాడు.

"కోపం పెట్టుకోకు బిడ్డా. గా చప్పుడు ఇంటుంటే నాకు మాట ఊరుతది. దరఖాస్తు ఇయ్యనీకి వచ్చినోళ్ళకు కూడ తమ పని అయితున్నదని ధైర్యం వస్తది. నీ దగ్గర కొడుతున్నవో, ఊకె కూసున్నవో తెలుస్తలేదు."

ఊకె కూర్చున్నానట! నా పాత కీబోర్డు మెత్తనిది. దాని మీద ఎంత కొట్టినా చీమ నడిచినంత చప్పుడు రాదు. ఆ రోజంతా గోడ అవతల టకటక వింటూ, ఇవతల కడుపులో మంటతో పని చేశాను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, నాకైతే దాని చప్పుడు కూడా రుచిగానే వినిపించింది.

మరునాడు ఫోన్‌లో వెతికాను. రోజారాణి కీబోర్డుకు చుట్టంలాంటిది, సగం ధరకన్నా తక్కువకు దొరికింది. పైగా దీనికి ఏడు రంగుల లైట్లు. మా ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని కొన్నవాళ్ళ అభిప్రాయాలన్నీ చదివాడు.

"కంపెనీ పేరే లేదు గదనే. సగం మంది మంచిగున్నదంటున్నరు, సగం మంది నెలకే ఖరాబైందంటున్నరు. జర ఎక్కువైనా పేరున్నది తీసుకో."

"మీ తమ్ముడు పెండ్లానికి మస్కట్ నుంచి తెచ్చిండు. నువ్వు నాకేం తెచ్చినవ్?" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. నేను కొనేశాను.

సోమవారం పొద్దున్నే డబ్బా విప్పాను. తీగ పెట్టగానే పెళ్ళి పందిరిలా వెలిగింది. చప్పుడూ వచ్చింది, కాకపోతే టకటక కాదు, డబడబ. రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు. ఫరవాలేదు, చప్పుడు చప్పుడే కదా అనుకుని, గవర్నమెంట్ సైట్‌లోకి వెళ్ళడానికి నా సెంటర్ పాస్‌వర్డ్ కొట్టబోయాను. లైట్లు మిణుకుమిణుకుమంటూ కళ్ళు లాగేశాయి. ఆపుదామంటే దానికి మీట లేదు. డబ్బాలో ఉన్న కాగితం మీద ఒక సైట్ పేరు ఉంది. అందులో నుంచి సాఫ్ట్‌వేర్ దించుకుంటే లైట్లు మన మాట వింటాయని రాసి ఉంది. దించాను. ఎక్కించబోతే కంప్యూటర్ ఎర్రగా అడ్డం పడింది. ఇది ఎవరు చేశారో తెలియదు, వద్దు అని.

సరిగ్గా అప్పుడే రోజారాణి లైట్లు చూసి గుమ్మంలోకి వచ్చింది.

"కొత్తదా అక్కా? మస్తు మెరుస్తున్నది." తెర మీద ఎర్ర అక్షరాలు చూసి ఆమె ముఖం మారింది. "అక్కా, గది ఎక్కియ్యకు. మీ మరిది చెప్పిండు, పేరు లేని సాఫ్ట్‌వేర్లు కొన్ని మనం కొట్టిందంతా లోపల దాసుకొని ఎవలికో పంపుతయట. మన దగ్గర మంది పాస్‌వర్డ్‌లు కొడతరు గద."

"నీ కీబోర్డుకు సాఫ్ట్‌వేర్ లేదా?"

"ఉన్నది. గని అది కంపెనీ సొంత సైట్ల దొరుకుతది. అయినా నేను ఎక్కియ్యలే. నాకు లైట్లు లెవ్వు, ఫికర్ లేదు."

లైట్లు లేవు! అసలు సంగతి అదే అనుకున్నాను. నా దగ్గర ఉన్నది ఆమె దగ్గర లేదు, అది ఓర్వలేకపోతోంది. నా కుళ్ళును తీసి ఆమెకు అంటగట్టడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

"నువ్వు నీ షాపు చూసుకో రోజా," అన్నాను. ఆమె వెళ్ళిపోయింది. ఆమె అడుగులు గోడ అవతలికి చేరకముందే నేను 'సరే' అన్న గడి నొక్కాను. లైట్లు నెమ్మదించాయి. పాస్‌వర్డ్ కొట్టి సైట్‌లోకి వెళ్ళాను. గెలిచినట్టే అనిపించింది.

కాసేపటికి రామచంద్రం సార్ కూడా లైట్లు చూసి లోపలికి వచ్చాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు. కుర్చీ దులిపి వేశాను. భూమి కొలతల గురించి ఎవరిదో దరఖాస్తు, ఆయన చెబుతుంటే దంచాను. ప్రింట్ తీసి చేతికిచ్చాను. ఆయన పైకి చదవడం మొదలుపెట్టాడు.

"గౌరవనీయులైన కలెక్టర్ గారికి... మా తతండ్రి గారి తతరఫున తతమరికి..." ఆగి, కళ్ళద్దాల మీదుగా నన్ను చూశాడు. "కోమలా, గీ కీబోర్డుకు నత్తి ఉన్నట్టున్నది బిడ్డా."

'త' మీట ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. దిద్దితే ఇంకోచోట 'తత'. మూడోసారి కూడా నత్తి పోకపోయేసరికి సార్ కాగితాలు చంకలో పెట్టుకున్నాడు. "నేను పక్కకు పోతనమ్మా, అవతల లైన్ పెరుగుతున్నది," అని మెల్లగా వెళ్ళాడు. నిమిషంలో గోడ అవతల టకటక మొదలైంది. పైన పటారం, లోన లొటారం. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు అయింది నా బతుకు.

ఆ మంటలో ఉండగానే లింగవ్వ వచ్చింది. జమ్మికుంట దగ్గరి ఊరు ఆమెది. కొడుకు దుబాయ్‌లో ఉంటాడు. బ్యాంకు పాస్‌వర్డ్ అతను ఫోన్‌లోనే నేర్పించాడు. ఆమెకు అది నోటితో చెప్పడం రాదు, వేలితో మాత్రం తెలుసు. డబ్బులు పడ్డాయో లేదో చూసుకోవడానికి ఇంత దూరం నా దగ్గరికే వస్తుంది.

బ్యాంకు సైట్ తెరిచి కీబోర్డు జరిపాను. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని, వేలు చాపి, ఎప్పటిలాగే హుకుం జారీ చేసింది.

"ఊఁ, గోడ దిక్కు చూడు."

చూశాను. వెనక డబ్ అని ఒక్క మీట పడింది.

అప్పుడు తట్టింది నాకు. నేను గోడ వైపు చూస్తున్నాను. మరి ఇది ఎటు చూస్తోంది? నేను ముఖం తిప్పుకున్నాక కూడా ఈ గదిలో చూస్తున్న కన్ను ఒకటి ఉందేమో. దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టింది నేనే. ఏడు రంగుల్లో వెలిగించి మరీ పెట్టాను.

గిరుక్కున తిరిగి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"మొఖం ఇటెందుకు తిప్పినవే?" అని లింగవ్వ గయ్యిమంది.

"కొట్టకు అవ్వా. దీంట్ల కొట్టకు. నాకు దీని మీద నమ్మకం లేదు."

"నాకు నీ మీద ఉన్నది గద."

కీబోర్డు నా వైపు లాక్కున్నాను. "పక్కకు పో అవ్వా. రోజారాణి దగ్గరికి."

"మీ యారాలు దగ్గరికా? నువ్వే పొమ్మంటున్నవా?" నన్ను ఎగాదిగా చూసింది. "గామె గోడ దిక్కు చూస్తదా?"

"చూస్తది. నేనే నేర్పిన."

లింగవ్వ గొణుక్కుంటూ వెళ్ళింది. నేను తీగ పీకేశాను. గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడు, ఆ తర్వాత రోజారాణి గొంతు. "అవ్వా, నువ్వే కొట్టు. నేను గోడ దిక్కు చూస్త."

నా మాట. అక్షరం పొల్లుపోలేదు. రామచంద్రం సార్ పోతే పోయాడు, నా మాట కూడా అటే పోయిందే అని గుండెలో కలుక్కుమంది. లింగవ్వకు మేలు జరిగిందన్న సంతోషం నాకు ఆ తర్వాతే కలిగింది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

తీగ పీకితే సరిపోదని కాసేపటికి తెలిసొచ్చింది. సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో కూర్చుని ఉంది. అది ఎక్కాకే నా సెంటర్ పాస్‌వర్డ్ కొట్టాను. ఆ పాస్‌వర్డ్ ఉంటే నా పేరు మీద ఎవరైనా ఏ దరఖాస్తయినా పెట్టుకోవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ దొంగదో కాదో నాకిప్పటికీ తెలియదు. కానీ మార్చేదాకా నిద్ర పట్టదు, మార్చడానికి నా కంప్యూటర్ పనికిరాదు. ఉన్నదిక ఒకే దారి.

నేను గుమ్మంలో నిలబడి, ఒక పాస్‌వర్డ్ కొట్టేదున్నదని రోజారాణితో అన్నాను. చెప్తే విన్నావా అని ఆమె అనలేదు. అని ఉంటే నాకే బాగుండేది. కుర్చీలోంచి లేచి, కీబోర్డు నా వైపు జరిపి, గోడ వైపు తిరిగింది.

ముందు పాత పాస్‌వర్డ్ కొట్టాలి. కొట్టాను. టక్, టక్, టక్. ప్రతి మీటా వేలికి ఆనినట్టే ఆని, దిగి, గట్టిగా పలికింది. ఎంత బాగుందో! ఇన్నాళ్ళూ ఇది రోజా వేళ్ళ కింద ఉందా అని మళ్ళీ మండింది.

"అక్కా," అంది గోడ వైపు చూస్తూనే. "ఇంక గదే ఉన్నదా?"

నా వేళ్ళు ఆగిపోయాయి. మా ఇద్దరి పేర్లూ కలిపి పెట్టుకున్న పాస్‌వర్డ్ అది, ఆమె నా పక్క కుర్చీలో ఉన్న రోజుల్లో. ఎన్ని మీటలో, ఎక్కడ ఆగి ఎక్కడ అందుకుంటానో చప్పుడును బట్టే పట్టేసింది. ఇన్నేళ్ళు తిట్టుకుంటూ కూడా నేను దాన్ని మార్చలేదు.

"మార్చనీకే వచ్చిన," అన్నాను.

రోజారాణి తల ఊపింది. గోడ వైపు అలాగే నిలబడి, రెండు చేతులూ ఎత్తి, రెండు చెవులూ గట్టిగా మూసుకుంది.

ముఖం తిప్పుకోవడం నా దగ్గరే నేర్చుకుంది. చెవులు మూసుకోవడం మాత్రం దాని సొంతం. అది నాకెందుకు తోచలేదా అని కుళ్ళుకుంటూనే కొత్త పాస్‌వర్డ్ కొట్టాను. అందులోంచి దాని పేరు తీసేద్దామనే వచ్చాను, తియ్యలేకపోయాను.